ఖాళీ ప్లాట్‌లో తీతువు గుడ్లు పెట్టింది, ఏం చేయాలి?

మీరు అడిగింది ఇది. కొల్లూరు వైపు మీ అపార్ట్‌మెంట్ వెనక ఉన్న ఖాళీ ప్లాట్‌లో తీతువు జంట నాలుగు గుడ్లు పెట్టింది. వచ్చే వారం జేసీబీ పెట్టి చదును చేయిస్తానని ప్లాట్ ఓనర్ అంటున్నారు. గుడ్లను మెల్లగా తట్టలోకి తీసి పక్క ప్లాట్‌లో పెట్టొచ్చా, పిల్లలను తీసుకెళ్లి దగ్గర నుంచి చూపించొచ్చా అన్నది మీ సందేహం. హైదరాబాద్‌లో పక్షులను చూడడం ఎలా మొదలుపెట్టాలో కూడా చెప్పమన్నారు. ఇరవై రెండేళ్లుగా ఈ ఊరి చుట్టుపక్కల పక్షుల కోసం తిరుగుతున్నాను. కాస్త పొడుగైనా అన్నీ చెబుతాను.

ముందు గుడ్ల సంగతి. దయచేసి కదపకండి. తీతువు తన గూటిని చోటును బట్టి గుర్తుపెట్టుకుంటుంది. నేల మీద కాలితో గీకిన చిన్న గుంట, దాని చుట్టూ నాలుగు గులకరాళ్లు, ఎండిన మేక పెంటికలు, అంతే దాని గూడు. మీరు పక్క ప్లాట్‌కు మారిస్తే అది పాత చోటికే వచ్చి వెతుక్కుంటుంది. కొత్త చోట ఉన్న గుడ్లు దాని కళ్లెదుటే ఉన్నా తనవని అనుకోకపోవచ్చు. ఈలోగా ఎండ పని ఎండ చేస్తుంది. ఏప్రిల్ చివర్లో మన దగ్గర మధ్యాహ్నం నలభై డిగ్రీలు దాటుతోంది, రాతినేల అంతకన్నా వేడిగా ఉంటుంది. ఆ వేళలో తీతువు గుడ్ల మీద కూర్చునేది వాటికి వెచ్చదనం ఇవ్వడానికి కాదు, నీడ పట్టడానికి. కొన్నిసార్లు దగ్గర్లో నీళ్లున్న చోటికి వెళ్లి పొట్ట కింది ఈకలు తడుపుకుని వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. ఓపికగా చూస్తే మీకే కనిపిస్తుంది. అందుకే మిట్టమధ్యాహ్నం దాన్ని పది నిమిషాలు లేపి ఉంచినా గుడ్లలోపలి పిల్లలు చచ్చిపోయే ప్రమాదం ఉంది.

చట్టం కూడా చెప్పాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోకి అడవి పక్షుల గుడ్లను పాడుచేయడం, గుడ్లనూ గూళ్లనూ కదిలించడం కూడా వస్తాయి. తుపాకీ పట్టుకుంటేనే వేట అనుకుంటారు చాలామంది. ఓనర్‌ను బెదిరించడానికి దీన్ని వాడమని చెప్పడం లేదు. మంచి మనసుతో చేసినా గుడ్లను తీయకూడదని మీకు తెలియాలని చెబుతున్నాను.

మరి జేసీబీ సంగతి? ఇక్కడ మనకు కలిసొచ్చే విషయం ఒకటుంది. తీతువుకు ఎక్కువ రోజులు అక్కర్లేదు. నాలుగో గుడ్డు పెట్టాక పొదగడానికి పట్టేది సుమారు 28 నుంచి 30 రోజులు. పిల్లలు పావురం పిల్లల్లా గూట్లో పడి ఉండవు. గుడ్డు పగిలిన రోజో మర్నాడో వాటంతట అవే నడుస్తాయి, పురుగులు ఏరుకుని తింటాయి. తల్లీతండ్రీ వాటిని గడ్డి, తడి ఉన్న చోటికి నడిపించుకుని వెళ్తాయి. కాబట్టి మీరు ఓనర్‌ను అడగాల్సింది నెల రోజులకు మించదు. చాలావరకు అంతకన్నా తక్కువే.

ఎన్ని రోజులు మిగిలాయో తెలుసుకోవడానికి వాచ్‌మన్‌ను అడగండి. ప్లాట్‌ల మధ్య రోజూ తిరిగేవాళ్లకు, అక్కడ మేకలు మేపేవాళ్లకు మనకన్నా ముందే తెలుస్తుంది. "ఆ పిట్ట మీదికొచ్చి అరవడం ఎప్పుడు మొదలైంది?" అని అడిగితే చాలు, రెండు మూడు రోజుల తేడాలో లెక్క తేలుతుంది. తర్వాత ఓనర్ దగ్గరికి ఒక తారీఖు పట్టుకుని వెళ్లండి. "పిట్టలను కాపాడండి సార్" అంటే ఎవరైనా తల ఊపి ఊరుకుంటారు. "మే 18 దాకా ఈ మూల ఇరవై అడుగులు వదిలేయండి, మిగతా ప్లాటంతా రేపే చదును చేసుకోండి" అంటే అది ఒక పని కింద లెక్క. మా కాలనీలో రోడ్డు వేసేటప్పుడు సరిగ్గా ఇలాగే అడిగాం. కాంట్రాక్టర్ పెద్దగా ఆలోచించకుండానే ఒప్పుకున్నాడు, పనిని అటు చివర నుంచి మొదలుపెట్టించాడు. అక్కడున్న మేస్త్రీ అయితే రోజూ పొద్దున్నే కుక్కలను తరిమేవాడు. మే నెల మొదటి వాన పడిన మర్నాడు నాలుగు పిల్లలూ బయటికొచ్చాయి.

గుర్తు కోసం ఎర్ర రిబ్బన్లు, జెండాలు కట్టకండి. అక్కడేదో ఉందని కాకులు వెంటనే పసిగడతాయి. అక్కడి రాళ్లే నాలుగు, గూటికి కాస్త ఎడంగా నాలుగు వైపులా పెట్టి డ్రైవర్‌కు చూపిస్తే సరిపోతుంది. గొడుగు పెట్టడం, నీళ్ల గిన్నె గూటి పక్కనే ఉంచడం లాంటివి కూడా వద్దు. నీళ్లు పెట్టాలనిపిస్తే బాగా దూరంగా, ప్లాట్ అవతలి మూల పెట్టండి.

పిల్లలకు చూపించండి, కానీ బాల్కనీ నుంచి. మూడో అంతస్తు నుంచి బైనాక్యులర్‌తో చూస్తే తీతువు తన పని తాను చేసుకుంటూ ఉంటుంది, పిల్లలకు అసలైన జీవితం కనిపిస్తుంది. దగ్గరికెళ్తే కనిపించేది దాని భయం ఒక్కటే. మీరు నడుస్తుంటే అది లేచి నిలబడిందంటే మీరు అప్పటికే దగ్గరికి వచ్చేశారు. మీ తల మీదికి వచ్చి అరుస్తున్నా, రెక్క విరిగినట్టు నేల మీద కుంటుతూ మిమ్మల్ని అటువైపు లాగుతున్నా వెంటనే వెనక్కి తిరగండి. తప్పనిసరై ఆ దారిన వెళ్లాల్సి వస్తే గూటి దగ్గర ఆగకుండా పక్క నుంచి నేరుగా సాగిపోండి. గూటి దాకా వెళ్లి అదే దారిన వెనక్కి వస్తే, మన వాసన పట్టుకుని కుక్కో ముంగిసో సరిగ్గా అక్కడికే చేరుతుంది.

మీ ఇంట్లో పెద్దవాళ్లు తీతువు కూత అపశకునం అంటున్నారని రాశారు. మా నాన్నమ్మా అదే అనేది. అర్ధరాత్రి అది అరిస్తే ఎవరో పోతారని తలుపులు వేయించేది. తీతువు రాత్రిళ్లు కూడా మెలకువగా ఉండే పిట్ట. కుక్క వచ్చినా నక్క వచ్చినా మనిషి నడిచినా అరుస్తుంది. గుడ్లున్నప్పుడు మరీ అరుస్తుంది. కాపలా కాస్తోందని మీ అత్తగారికి చెప్పి చూడండి. ఒకసారి బాల్కనీ నుంచి ఆ నాలుగు పిల్లలను చూశాక ఆ భయం చాలావరకు పోతుందని నా నమ్మకం.

ఇక ఫోటోలు. ఇది నేను చేసిన తప్పుతోనే చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం శంకరపల్లి దాటాక పొలాల మధ్య ఒక మొండి తాటిచెట్టు తొర్రలో పాలపిట్ట గూడు చూశాను. మన రాష్ట్ర పక్షి, ఆ నీలం రెక్కలు విప్పి తొర్రలోకి దూరుతుంటే ఆగలేకపోయాను. ఫోటో తీశాను, ఒక వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాను, దారి కూడా చెప్పాను. మరుసటి ఆదివారానికి ఆ చెట్టు కింద ఆరు కార్లు నిలిచి ఉన్నాయి. ట్రైపాడ్లు, ఫ్లాష్‌లు, మొబైల్‌లో పాలపిట్ట కూత పెట్టి పిలవడాలు. ఆ పై వారం వెళ్తే ఆ జంట లేదు. తొర్రలో పిల్లలు ఏమయ్యాయో నాకు తెలియదు. ఆ తర్వాత ఇంతవరకు గూటి ఫోటో ఎవరికీ పంపలేదు. గూడు ఉన్న చోటు అసలే చెప్పను. దసరాకు పాలపిట్టను చూస్తే శుభమని దాన్ని పట్టి, పంజరంలో పెట్టి, రెక్కలు కట్టి తిప్పి డబ్బులడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2023లో వచ్చిన స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ నివేదిక ప్రకారం పాలపిట్ట 30 శాతానికి పైగా తగ్గిన పక్షుల్లో ఒకటి. ఏ జీవి ఎంత ప్రమాదంలో ఉందో తేల్చే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దాని స్థితిని మళ్లీ పరిశీలించాలని ఆ నివేదిక కోరింది. గుడ్లగూబ గూటి విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి, క్షుద్రపూజల కోసం పట్టేవాళ్లు ఉన్నారు. మీ తీతువు ఫోటో తీసుకున్నా లొకేషన్ ఆపేసి, పిల్లలు వెళ్లిపోయాకే ఎవరికైనా చూపించండి.

ఇప్పుడు అసలు నా మనసులో ఉన్నది రాస్తాను. మీరు మీ ప్రశ్నలో ఒక మాట వాడారు, "ఉత్త బీడు, ఏమీ లేని ప్లాట్" అని. హైదరాబాద్‌లో పక్షులకు జరుగుతున్న నష్టంలో పెద్ద భాగం ఆ మాటలోనే ఉందని నాకు అనిపిస్తుంది.

మన ఊరు దక్కన్ పీఠభూమి మీద ఉంది. రాళ్ల గుట్టలు, ఎర్రమట్టి, రేగు పొదలు, తంగేడు, మోకాలెత్తు గడ్డి, ఇదే ఇక్కడి అసలు ప్రకృతి. ఇలాంటి మేత భూములను మన దగ్గర కంచ అంటారు. ఆ కంచల్లోనే నేల మీద గుడ్లు పెట్టే పక్షులన్నీ ఉంటాయి. మీరు చూసిన ఎర్ర ముక్కు తీతువు నీళ్ల దగ్గర కూడా సర్దుకుంటుంది, ఒక్కోసారి మేడ మీద గుడ్లు పెట్టినా ఆశ్చర్యం లేదు. కానీ దాని చుట్టం ఇంకొకటుంది, కళ్ల ముందు పసుపు చర్మం వేలాడుతూ నెత్తిన నల్ల టోపీ పెట్టుకున్నట్టుండే పసుపు తీతువు. దానికి ఎండిన రాతినేలే కావాలి. కౌజుపిట్ట, పూరేడు, భరత పక్షులు, నేల మీద పరిగెత్తే పిపిట్లు, పొదల్లో నల్లంచి, మట్టిగట్టులో బొరియ తవ్వే పసిరిక పిట్ట, ఇవి చాలావరకు మార్చి నుంచి జూన్ మధ్య సరిగ్గా ఈ నేలలోనే పిల్లలను చేసుకుంటాయి. పెద్ద బండల చరియల్లో చెవుల్లా ఈకలు నిక్కబొడుచుకున్న పెద్ద గుడ్లగూబ చలికాలంలోనే గుడ్లు పెడుతుంది. గూడు కట్టదు, బండ మీదే పెడుతుంది. బండ పేలిస్తే దాని ఇల్లు శాశ్వతంగా పోయినట్టే. చెట్టు కొట్టేస్తే ఇంకో చెట్టు పెరుగుతుంది, రెండున్నర వందల కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ బండ మళ్లీ పుట్టదు.

వేసవిలో చదును పనులు ఎక్కువగా జరుగుతాయి, వానలు రాకముందే పునాదులు అయిపోవాలి కాబట్టి. పక్షులు గుడ్లు పెట్టేదీ అప్పుడే. 2025లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీద అందరి చూపూ పడింది గుర్తుందా? మార్చి ఆఖరులో యంత్రాలు దిగాయి, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. ఆ రోజుల్లో జనం నెమళ్ల గురించి, జింకల గురించి, చెట్ల గురించి మాట్లాడారు, మాట్లాడాలి కూడా. నాకు మాత్రం ఆ వారమంతా నేల మీద గుడ్ల మీద కూర్చున్న పిట్టలే కళ్ల ముందు మెదిలాయి. వాటిని లెక్కపెట్టినవాళ్లు లేరు.

ఇలాంటి బీడులో మంచి ఉద్దేశంతో వరసగా మొక్కలు నాటడం కూడా నష్టమే. పసుపు తీతువుకు చుట్టూ దూరం దాకా కనిపించాలి, చెట్లు వస్తే అది ఆ చోటు వదిలేస్తుంది. చెట్లను రోడ్ల పక్కన, కాలనీల్లో, పాడైన అడవిలో నాటుదాం. గడ్డినేలను గడ్డినేలగా ఉండనిద్దాం. 1900 తర్వాత ఎవరికీ కనపడకుండా పోయిన కలివికోడి అనే పక్షి 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది ఇలాంటి ముళ్లపొదల నేలలోనే. పనికిరాదని అందరూ అనుకున్న చోట అది అన్నేళ్లు బతికింది.

చెరువుల సంగతి కూడా ఇలాంటిదే. హైదరాబాద్‌లో పక్షులంటే అందరికీ నవంబర్‌లో హిమాయత్‌సాగర్, అమీన్‌పూర్ గుర్తొస్తాయి, ఫ్లెమింగోలు, వలస బాతులు. అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశం అనే గుర్తింపు వచ్చింది, చాలా మంచి పని. కానీ చలికాలపు అతిథులు ఇక్కడ తిని వెళ్లిపోతాయి. పిల్లలను చేసుకునే పక్షులు వానలు మొదలయ్యాక వస్తాయి, అప్పుడు కెమెరాలు ఇంట్లో ఉంటాయి. జులై, ఆగస్టు నెలల్లో ఏదైనా చెరువు ఒడ్డున గంట సేపు కూర్చోండి. బుడుబుంగ నీటి మీద తేలే గూడు కడుతుంది, బయటికెళ్లేటప్పుడు గుడ్ల మీద నాచు కప్పి వెళ్తుంది. జకానా ఆకుల మీద నడుస్తుంటుంది. దాని గుడ్లను పొదిగేది మగపక్షి, పిల్లలను పెంచేదీ అదే. వీటన్నిటికీ కావాల్సింది లోతులేని అంచు. మన పెద్దలు శిఖం అని పిలిచిన భూమి, నీళ్లు నిండినప్పుడు మునిగి, తగ్గినప్పుడు తేలే ఆ వాలు నేల. ఇప్పుడు చెరువు సుందరీకరణ అంటే చుట్టూ గట్టు పోసి, రాయి పేర్చి, పైన వాకింగ్ ట్రాక్ వేయడం. నీళ్లు ఉంటాయి, చెరువు ఉన్నట్టే కనిపిస్తుంది, అంచు మాత్రం పోతుంది. అంచు పోయిన చెరువులో బాతు ఈదగలదు కానీ గుడ్డు పెట్టలేదు. మీ కాలనీ చెరువు మీద ఎప్పుడైనా మీటింగ్ పెడితే ఒక్క వైపైనా శిఖం వాలును అలాగే ఉంచమని అడగండి. గుర్రపుడెక్క తీయాల్సిందే, కానీ జులై నుంచి సెప్టెంబర్ దాకా ఆగి, ఆ తర్వాత ముక్కలు ముక్కలుగా తీయమనండి.

గిజిగాడిని చూడాలంటే కూడా వానాకాలమే. చేవెళ్ల, షాబాద్ వైపు పాత మోటబావుల మీదికి వంగిన ఈతచెట్లకు గూళ్లు వేలాడుతుంటాయి. మగపక్షి సగం అల్లి ఆగుతుంది, ఆడపక్షి వచ్చి లోపల తిరిగి చూసి నచ్చితేనే మిగతా సగం. రోడ్డు పక్కన ఆ గూళ్లను షోపీసుల్లా అమ్ముతుంటారు. ఖాళీవే కదా అని కొనకండి. పాత గూళ్లలో జీనువాయిలు రాత్రిళ్లు తలదాచుకుంటాయి, గుడ్లూ పెడతాయి.

మొదలుపెట్టడం ఎలా అన్నారు. మీ బాల్కనీ నుంచి మొదలైపోయింది. 8x42 బైనాక్యులర్ ఒకటి కొనుక్కోండి, కెమెరా తర్వాత చూడొచ్చు. డెక్కన్ బర్డర్స్ వాళ్లు 1980లో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్‌గా మొదలైనవాళ్లు, కొత్తవాళ్లను వెంటబెట్టుకుని వెళ్తారు. అనుభవం ఉన్నవాళ్లతో రెండు ఆదివారాలు తిరిగితే పుస్తకంతో రెండేళ్లు కష్టపడినంత వస్తుంది. సలీం అలీ 1931, 32 ప్రాంతంలో నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. అప్పుడు ఏ పిట్ట ఎక్కడ ఉందో రాసిపెట్టబట్టే ఈ రోజు ఏం పోయిందో మనం పోల్చి చూసుకోగలుగుతున్నాం. మీరు రాసేది కూడా రేపు ఎవరికో అలాగే అక్కరకొస్తుంది. చూసిన పక్షులను నమోదు చేసే ఈబర్డ్ యాప్‌లో పక్షి పేరు, సంఖ్యతో పాటు అది గూడు కడుతోందా, మేత మోసుకెళ్తోందా, పిల్లలతో ఉందా అని చెప్పే బ్రీడింగ్ కోడ్ ఉంటుంది. మన దగ్గర చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. మీరు వదలకండి. ఒక పక్షి ఇక్కడికి వచ్చిందని చెప్పడం వేరు, ఇక్కడే పిల్లలను చేసుకుందని చెప్పడం వేరు. ఆ రెండో మాటకు ఒక చెరువును, ఒక కంచను కాపాడే బలం ఉంటుంది. లొకేషన్ మాత్రం గూటి దగ్గర పిన్ పెట్టకుండా మీ కాలనీ పేరుతో ఇవ్వండి.

ఇంకో చిన్న మాట, రాబోయే నెలల్లో మీకు తప్పక అవసరం పడుతుంది. కింద పడ్డ పికిలిపిట్ట పిల్ల, గోరింక పిల్ల కనిపిస్తే ఇంటికి తెచ్చి పాలూ అన్నమూ పెట్టకండి. ఈకలు వచ్చి గెంతుతోందంటే అది ఎగరడం నేర్చుకుంటోంది, తల్లి దగ్గర్లోనే ఉంటుంది. పిల్లి అందుకోని కొమ్మ మీద పెట్టి దూరం జరగండి. మనిషి ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందనేది నిజం కాదు.

రేపు పొద్దున ఎండ ముదరకముందే వాచ్‌మన్‌ను కలిసి తారీఖు లెక్క కట్టండి, అదే రోజు ఓనర్‌తో మాట్లాడండి. ఆయన ఒప్పుకోకపోతే ఆలస్యం చేయకుండా అటవీ శాఖ వాళ్లకు చెప్పి ఇక్కడ కూడా రాయండి, మాట్లాడడానికి నేనూ వస్తాను. గుడ్లు పగిలే రోజు దగ్గరపడ్డాక పొద్దున్నే బాల్కనీ నుంచి ఒక కన్నేసి ఉంచండి. పిల్లలు బయటికొచ్చిన రోజు ఎన్ని నడిచాయో లెక్కపెట్టి, ఈబర్డ్‌లో తీతువు పక్కన గూడు దాటిన పిల్లలు కనిపించాయని చెప్పే ఎఫ్‌ఎల్ (FL) అనే కోడ్ పెట్టండి.